ఎడమ ఎనక

మేస్త్రి పోయాడని హోటలక్క ఫోన్ చేసినప్పుడు నేను మిర్యాలగూడలో ఒక రైసుమిల్లు ఆఫీసులో కూర్చుని ఉన్నాను. "సారూ, మీ మేస్త్రి ఇగ లేడు. పొద్దుగాల చాయ తాగిండు, గ్లాసు కింద పెట్టిండు, గట్లనే ఒరిగిండు" అంది. నా చేతిలో కూడా చాయ గ్లాసే ఉంది. దాన్ని గోడకేసి కొట్టాను. మిల్లు గుమాస్తా బిత్తరపోయి చూశాడు. నా కోపం సంగతి మా ఇంట్లోవాళ్లకు తెలుసు, పాపం అతనికేం తెలుసు. దుఃఖం వచ్చినా నాకు కోపంలాగే వస్తుంది.

ఆయన పేరు రాయను. పేరు పెట్టి పిలిస్తే ఆయన పలికేవాడే కాదు, మేస్త్రీ అంటేనే తలెత్తేవాడు. సూర్యాపేటలో పాత హైవే పక్కన రేకుల షెడ్డు, దాన్ని ఆనుకుని హోటలక్క చాయ కొట్టు. కారు వెనక భాగంలో వచ్చే చప్పుళ్లు తప్ప ఇంకో పని ముట్టుకునేవాడు కాదు. ఇంజనని ఎవరైనా అంటే పక్క షెడ్డు వైపు చేయి చూపించేవాడు. "ముంగట మోగితే బండి తప్పు. ఎనక మోగితే నీ తప్పు. ఎనక్కి ఎవడు సూస్తడు?" అనేవాడు. ఒక్క చప్పుడు వింటే చాలు, ఎడమా కుడా, చక్రమా స్ప్రింగా, ఎన్నాళ్లు నడుస్తుంది, ఎక్కడ ఆగిపోతుంది, అన్నీ చెప్పేవాడు.

ఒక సంగతి ముందే చెప్పేస్తాను. చెవులమీద బతికిన ఆ మనిషి ఎడమ చెవి పోగొట్టింది నేను. నా కుడి చేత్తో.

ఆయన ఏమైనా సాధుజీవా అంటే, కాదు. నోటి దురుసు కంటే చేతి దురుసు ఎక్కువ. షెడ్డు రేకుల నిండా సొట్టలే, అన్నీ ఆయన విసిరిన పానాలవి. కారు తెచ్చినవాడు ముందు ఆ చప్పుడు నోటితో చేసి చూపించాలి. అది ఆయన రూలు. ఎంత పెద్దమనిషైనా సరే, రోడ్డు పక్కన నిలబడి, పదిమంది చూస్తుండగా చేయాల్సిందే. ఆత్మకూరు వైపు నుంచి ఒక ఆసామి వచ్చాడు, తెల్లచొక్కా, చేతికి బంగారు గడియారం. "ఎనక డబడబ అంటుంది మేస్త్రీ" అన్నాడు. మేస్త్రి జాకీ రాడ్డు తీసుకుని కారు టాపు మీద ఒక్కటేశాడు. "డబడబ ఏంది, డబడబ? పెండ్లి డప్పా? మల్ల జెయ్యి." ఆసామి ఈసారి గొంతు సవరించుకుని "కటకట" అన్నాడు. "గట్టిగ." "కటకటకట." "ఆఁ. గిప్పుడు మనిషివైనవ్. కుడి ఎనక బుష్షు పోయింది" అన్నాడు. ఆసామి కారుకు పడ్డ సొట్ట మాట మళ్లీ ఎత్తనే లేదు.

ఇంకోసారి నిడమనూరు నుంచి ఒకాయన లొడలొడ అనే చప్పుడుతో వచ్చాడు. అప్పటికే రెండు షెడ్లు తిరిగాడట. మేస్త్రి డిక్కీలో స్టెప్నీ టైరు పీకి, దాని కింద నుంచి ఒక కొబ్బరికాయ తీశాడు. ఏ గుడికి పోయినప్పుడు పెట్టుకున్నారో, నెల రోజులుగా అక్కడే దొర్లుతోంది. దాన్ని ఆ కారు బంపరుకే కొట్టి పగలగొట్టాడు. కంపు షెడ్డంతా కొట్టింది. రెండు చిప్పలూ ఆయన చేతిలో పెట్టి, "తిను. దేవుని ప్రసాదం. తిను" అని మీద మీదికి పోయాడు. హోటలక్క అడ్డం రాకపోతే తినిపించేవాడే.

అంతుచిక్కని చప్పుడైతే డిక్కీలో పడుకుని మూత వేయించుకునేవాడు. బండి ఓనరు చౌరస్తా దాకా నడిపి తిరిగి రావాలి. లోపల నుంచి ఒకసారి గుద్దితే ఎడమ, రెండుసార్లు గుద్దితే కుడి. తిరుమలగిరి హెడ్మాస్టరు ఒకాయన చౌరస్తాలో ఎవరో చుట్టం కనబడితే కారాపి ముచ్చట్లో పడ్డాడు. ఎండాకాలం. కాసేపటికి వెనక సీటు వీపు విరిగి ముందుకు పడింది, అందులోంచి మేస్త్రి చెమట కారుతూ బయటికి వచ్చి హెడ్మాస్టరు గొంతు పట్టుకున్నాడు. చుట్టం పారిపోయాడు. గొంతు వదలకుండానే, "ఎడమ ఎనక. స్ప్రింగు పట్టీ ఇరిగింది" అని చెప్పాడట. ఈ ముచ్చట హెడ్మాస్టరే నాకు చెప్పి, మెడ తడుముకుంటూ నవ్వాడు. తిట్టుకుంటూనే అందరూ ఆయన దగ్గరికే పోయేవాళ్లు, నేనూ అంతే.

నేను రైసుమిల్లులకు వడ్ల పొట్టు తీసే రబ్బరు రోలర్లు అమ్ముతాను. సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ, ఈ మూడూళ్ల మధ్య గానుగెద్దులా తిరగడమే నా బతుకు. నా పాత డీజిలు కారు వెనక ఏదో ఒకటి మోగుతూనే ఉండేది. మొదటిసారి పోయినప్పుడు ఆయన వింటుంటే రేడియో కట్టేయడం మరిచాను. కిటికీలోంచి చేయి పెట్టి రేడియోను వైర్లతో సహా పీకి రోడ్డు మీద పారేశాడు. "సప్పుడు జెయ్యకు" అన్నాడు. నేనూ తక్కువవాణ్ణి కాదు, దిగి ఆయన చొక్కా పట్టుకున్నాను. ఇద్దరం కాసేపు తోసుకున్నాం. తర్వాత ఆయనే రెండు చాయలు చెప్పాడు. మా స్నేహం అలా మొదలైంది.

పదకొండేళ్ల కిందటి మాట ఇది. మా ఆవిడకు ఏడో నెల, తొలికాన్పు. పురిటికి కోదాడ తీసుకుపోదామని మా అత్తగారు, బామ్మర్ది వచ్చారు. మూడు రోజుల ముందు నుంచే మా కారు వెనక గుర్రుమంటోంది. మేస్త్రికి చూపిద్దామని పోయాను. నేను ఇంకా కారు ఆపనే లేదు, స్టూలు మీద కూర్చునే తేల్చేశాడు. "ఎడమ ఎనక. బేరింగ్ తిన్నది. దానెంబడి ఇరుసును గూడ తింటది. తాళాలు గీడ పెట్టి ఇంటికి నడిసి పో." నేను నవ్వి, "కోదాడ పోయొచ్చి ఇస్త మేస్త్రీ" అన్నాను. "పోతవ్. రావు" అన్నాడు. ఆయన నోరు ఎప్పుడూ అంతే కదా అని సరిపెట్టుకున్నాను. అత్తగారి ముందు కారు బాగాలేదని ఒప్పుకుని ఆటో పిలవడం నాకు నామోషీ. అసలు సంగతి అదీ.

మంచి గడియ చూసుకుని పొద్దున తొమ్మిదింటికి బయల్దేరాం. బామ్మర్ది నా పక్కన కూర్చున్నాడు. వెనక మా ఆవిడ, అత్తగారు. షెడ్డు ముందు నుంచి కారు పోతుంటే వెనక కేక వినబడింది. "ఆపు. ఎనక, ఎనక. బండి ఆపు."

అత్తగారు ముందు సీటును రెండు చేతులా పట్టుకుంది. "ఆపమాకండి బాబూ. కడుపుతో ఉన్న పిల్లను తీసుకెళ్తుంటే వెనక నుంచి పిలుస్తాడా, వాడి నోరు పడిపోను" అంది. బయల్దేరినవాళ్లను వెనక నుంచి పిలవకూడదని వాళ్ల వైపూ ఉంది, మా వైపూ ఉంది. పిలిస్తే దిగి, కాసేపు కూర్చుని, మంచినీళ్లు తాగి మళ్లీ బయల్దేరాలి. అలా చేస్తే గడియ దాటిపోతుందని ఆవిడ కంగారు. నేను వేగం పెంచాను. అద్దంలో చూస్తే మేస్త్రి లుంగీ ఎగ్గట్టి పరుగెత్తి వస్తున్నాడు. "పోతే సస్తరు. అందరు సస్తరు" అని అరుస్తున్నాడు. ఆ మాట మా నలుగురికీ వినబడింది. మా ఆవిడ కడుపు మీద చేయి వేసుకుంది.

చౌరస్తాలో స్పీడ్ బ్రేకరు దగ్గర కారు నెమ్మదించింది. అప్పుడే వెనక అద్దం భళ్లుమంది. పానా వచ్చి లోపల పడింది. మా ఆవిడ జడలో, అత్తగారి ఒళ్లో గాజు పెంకులు.

నాకు కళ్లు కనబడలేదు. బామ్మర్ది నాకంటే ముందు దిగి, ఆయన కాలరు పట్టుకుని పొట్టలో రెండు గుద్దులు గుద్దాడు. "ఎవర్రా చచ్చేది? మా అక్కనే శపిస్తావా?" అంటున్నాడు. మేస్త్రి వంగిపోయి, మళ్లీ లేచి, కారు వైపు వేలు చూపించి "ఎడమ" అన్నాడు. ఆ మాట పూర్తి కానివ్వకుండా నేను కొట్టాను. అరచేయి మొత్తం చెవి మీద పడింది. ఆయన రోడ్డు మీద కూలబడ్డాడు. అబద్ధం చెప్పను, పడ్డాక కూడా తన్నాను. పక్కటెముకలకు తగిలింది. చౌరస్తాలో జనం మూగారు, ఒక్కడూ ఆపలేదు. ఆయన చేతి దెబ్బ తిన్నవాళ్లు అందులో ఎంతమంది ఉన్నారో.

ఊళ్లో అందర్నీ కొట్టిన మనిషి ఆ రోజు చేయి ఎత్తలేదు. పాకుకుంటూ పోయి ఎడమ వెనక టైరును కౌగిలించుకుని ఊపాడు. టైరు ఊగింది. కాలిన గ్రీజు వాసన ముక్కుకు కొట్టింది. వెనకాలే పరుగెత్తుకొచ్చిన హోటలక్క పోయే ఆటోను ఆపి, జాకీ పెట్టించింది. కారు నాలుగు వేళ్లు పైకి లేచిందో లేదో, చక్రం, డ్రమ్ము, విరిగిన ఇరుసు ముక్క, అన్నీ కలిసి ఆయన ఒళ్లోకి ఊడివచ్చాయి.

"మునగాల రాకముందే ఊడేది" అన్నాడు.

అత్తగారు నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. బామ్మర్ది చేతులు వెనక దాచుకున్నాడు. నేనేమన్నానో తెలుసా? "అద్దం పలగ్గొట్టకుంట చెప్పరాదా" అన్నాను. అదీ నా బుద్ధి. ఆయన ఎడమ చెవిలోంచి నెత్తురు సన్నగా మెడ మీదికి దిగుతోంది. గ్రీజు గుడ్డతో తుడుచుకుని, నా వైపు చూడకుండా, "ఆడిబిడ్డను ఎండల నిలవెట్టకుర్రి. ఆటోల కూసోబెట్టుర్రి" అన్నాడు.

కోదాడలో ఆడపిల్ల పుట్టింది. కారుకు కొత్త ఇరుసు, కొత్త అద్దం ఆయనే వేశాడు. నేను వెళ్లి కారు తెచ్చుకున్నాను. తప్పైందని ఒక్క మాట అనలేదు. రేపందాం, ఎల్లుండందాం అనుకున్నాను. నాలుగుసార్లు కలిసి చాయ తాగాక ఇంక ఆ మాట ఎత్తడానికి సందే దొరకలేదు. చెవి మానిపోయిందనే అనుకున్నాను. నిజానికి అడగలేదు.

ఆ తర్వాతే ఆయన పంటితో వినడం మొదలుపెట్టాడు. కారును జాకీ మీద లేపి, చక్రం తిప్పమని, పొడుగాటి స్క్రూడ్రైవరు కొసను చక్రం మధ్యలో ఆనించి, పిడిని పళ్ల మధ్య కరిచి పట్టుకుని కళ్లు మూసుకునేవాడు. "చెవుకంటె పన్నుకే మంచిగ ఇనబడ్తది" అనేవాడు. జనం అదో విద్య అనుకుని చూడటానికి వచ్చేవాళ్లు. నేను కోదాడ మిల్లులో అదంతా అభినయించి నవ్వించేవాణ్ణి. ముందు పన్ను ఒకటి విరిగింది, ఇంకోటి కదిలింది. "ముసలోడు బండిని కొరుకుతుండు" అని ఒక లారీ ఓనరు పరాచికమాడితే, జాకీ రాడ్డుతో అతని కారు దీపాలు రెండూ, ఆ తర్వాత ముందు అద్దం పగలగొట్టాడు. అతని మనుషులు వచ్చి ఆయన చేయి విరగ్గొట్టి పోయారు. మూడు నెలలు షెడ్డు మూతపడింది.

షెడ్డు మళ్లీ తెరిచాక ఒకనాడు దాని ముందు నిలబడి ఆయన ఎడమ వైపు నుంచి "మేస్త్రీ" అని పిలిచాను. ఆయన కుడి వైపు తిరిగి వెతికాడు. మళ్లీ పిలిచాను. ఇంకా కుడికే తిరిగాడు. హోటలక్క కొట్టులోంచి చూస్తోంది. లోపలికి పోతే గొంతు తగ్గించి చెప్పింది. "గా దినం సంది ఎడమ చెవుల రసి కారింది సారు. దవాఖానకు పోవే అన్నా అంటే పోలే. ఎండిపోయింది, ఇగ ఇనబడుడే ఖతం. ఒక్క చెవుతోని ఏ సప్పుడు ఏ దిక్కుకెల్లి వస్తుందో తెలుస్తలేదంట. అన్ని కుడికెల్లే వస్తున్నయంట. నీకు చెప్పొద్దని నా మీద ఒట్టు వేయించుకున్నడు."

ఎడమా కుడా అని స్టూలు మీంచి తేల్చేసే మనిషికి దిక్కే తెలియకుండా చేశాను. ఒక్క చెంపదెబ్బతో. అప్పటికైనా పోయి కాళ్లు పట్టుకున్నానా? లేదు. ఒట్టు వేయించుకున్నాడు కదా, తెలియనట్టు ఉండటమే మర్యాద అని నాకు నేనే చెప్పుకున్నాను. తప్పు చేసినవాడికి మర్యాద మాటలు భలే దొరుకుతాయి.

కార్లు తగ్గాయి. ప్రతి కారుకూ కుడి వెనకే అనేవాడు, తర్వాత అనుమానం వచ్చి రెండు చక్రాలూ ఊడదీసేవాడు. గంటలో అయ్యే పని పూటంతా పట్టేది. కొత్త కార్లవాళ్లకు అంత ఓపిక లేదు. నేను కూడా పాత కారు అమ్మేసి చప్పుడు రాని బండి కొన్నాను. దాంతో ఆ దారినే పోవడం తగ్గించాను.

పోయిన చలికాలం మిర్యాలగూడలో ఒక మిల్లు ఓనరు నలుగురిలో కూర్చుని చెబుతున్నాడు. "సూర్యాపేటల గా ముసలాయన లేడూ, ఆయనకు కుడి ఎడమ తెల్వదు. మంచిగున్న బేరింగ్ ఊడబీకి, పోయినదాన్ని ఇడిచిపెట్టిండు. ఏ చేత్తోని బువ్వ తింటడో." అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. నవ్వు సగంలో ఉండగా నా మీద నాకే కంపరం పుట్టింది. లేచి వచ్చేశాను. చేతిలో పని వదిలేసి సూర్యాపేట పోయాను.

మధ్యాహ్నం. షెడ్డులో కారేదీ లేదు. ఆయన స్టూలు మీద కూర్చుని పానాలు తుడుస్తున్నాడు. నా బండి వైపు చూసి, "ఏమైంది? ఎనకనా?" అన్నాడు.

"బండికేం కాలే మేస్త్రీ. నీ ఎడమ చెవి నా దెబ్బకే పోయింది" అన్నాను. ఇంకా ఏవేవో చెప్పాలనుకున్నాను, అంతకంటే రాలేదు.

"హోటలామె చెప్పిందా?"

"ఆఁ. శాన ఏండ్లయింది చెప్పి."

ఆయన పానా కింద పెట్టాడు. "ఆమె చెప్పకముందే నాకెర్క. మీ బామ్మర్ది గుద్దింది పొట్టల. చెవుల పడ్డది నీ చెయ్యి. నేను కొట్టించుకున్నోణ్ణి, నాకు తెల్వదా?"

"మరి గా దినం తిరిగి ఎందుకు కొట్టలే?"

"కడుపుతోనున్న బిడ్డ సూస్తుండె. అద్దం పలగ్గొట్టిందే తప్పాయె, గాజుపెంకులు మీద పడ్డయి. ఇంక కొట్లాట గూడనా?" గ్రీజు గుడ్డ మడిచి ఒళ్లో పెట్టుకున్నాడు. "పదకొండేండ్లు నా ముంగట కూసోని చాయ తాగినవ్. ఇయ్యాల అంటడు, రేపంటడు అని సూసిన. నువ్వు అనలే. చెవి పోయినందుకు నాకు గంత బాధ లేకుండె. నువ్వు అననందుకుండె."

ఏడుపొచ్చింది. "కొట్టు మేస్త్రీ" అన్నాను. ఊరికే మాట వరసకు అనలేదు, నిజంగానే అన్నాను.

ఆయన లేచి నిలబడ్డాడు. డెబ్బై దగ్గర పడుతున్న మనిషి, ఒకసారి విరిగి అతికిన చేయి. ఆ చేత్తోనే కొట్టాడు. నేను రెండడుగులు వెనక్కి పోయి రేకులకు గుద్దుకున్నాను. నోట్లో ఉప్పగా నెత్తురు. హోటలక్క పరుగెత్తుకొచ్చింది. ఆయన ఊపిరి ఎగపోసుకుంటూ స్టూలు మీద కూర్చుని, "ఏం లేదు. మా ఇద్దరిది ఒక పాత ముచ్చట. రెండు చాయ తే" అన్నాడు. ఆమె అలాగే నిలబడితే, "పో, తే" అని కసిరాడు.

చాయ వచ్చాక, "పిల్ల ఎంత పెద్దగైంది?" అని అడిగాడు.

"అయిదో తరగతి."

"ఒకసారి తోలుకరా. సూస్త."

తీసుకుపోతానన్నాను. తీసుకుపోలేదు. పరీక్షలన్నాం, ఎండలన్నాం, ఇంతలో ఈ ఫోన్ వచ్చింది. ఇది కూడా నా లెక్కలో వేసుకోండి.

ఆయన నన్ను కొట్టిన రోజు సాయంత్రం ఇంటికి పోతే మా ఆవిడ నా మొహం చూసి గాబరాపడింది. ఎవరు కొట్టారు, పోలీసులకు చెబుదాం పదండి అంది. మేస్త్రి అని చెప్పాను. ఇంకేమీ అడగలేదు. కోదాడ బయల్దేరిన రోజు గాజు పెంకులు జడలోంచి ఏరుకున్నది ఆమే కదా. కిటికీ దగ్గర వెలుతురులో కూర్చోబెట్టి, పసుపూ నూనే వెచ్చచేసి తెచ్చి, నా గడ్డం పట్టుకుని పక్కకు తిప్పింది. చాలాసేపు చూసింది.

"నాలుగు వేళ్లూ దవడ మీదే పడ్డాయండీ. చెవి దగ్గరికి ఒక్కటీ రాలేదు" అంది.

నేను లేచి పోయి అద్దంలో చూసుకున్నాను. దవడ ఎముక మీద, పెదవి చివర దాకా, నాలుగు గీతలు ఎర్రగా తేలి ఉన్నాయి. చెవి కింద రెండంగుళాల మేర చర్మం మామూలుగా ఉంది. అంత కోపం, అంత బలం, అన్నేళ్ల కసి, అందులోనూ ఆ మనిషి చెవి ఎక్కడుందో చూసుకుని, దాన్ని వదిలి కొట్టాడు.

వారం దాకా ముద్ద నమలలేకపోయాను. చెవి మాత్రం శుభ్రంగా అన్నీ వింటూనే ఉంది.